తులసి తీర్థానికి కేస్ షీటులో ఒక గడి కావాలి: నర్సింగ్ సేవలో రోగుల ఆధ్యాత్మిక అవసరాల గురించి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు, నర్సింగ్ విద్యను పర్యవేక్షించే పెద్దలకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు, నా తోటి నర్సింగ్ సోదరీ సోదరులకు,

నమస్కారములు.

నేను ప్రభుత్వ ఆసుపత్రులలో 31 సంవత్సరాలు స్టాఫ్ నర్సుగానూ, హెడ్ నర్సుగానూ పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ లేఖ రాయడానికి ముందు ఇదే విషయం మీద రెండు వినతిపత్రాలు ఇచ్చాను. మొదటిది మా అమ్మ కన్నుమూసిన ఆసుపత్రి యాజమాన్యానికి. రెండవది జిల్లా స్థాయిలో ఉన్న ఒక కార్యాలయానికి. మొదటిదానికి "చికిత్సలో ఎటువంటి లోపమూ జరగలేదు" అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. చికిత్సలో లోపం జరిగిందని నేను అసలు రాయనే లేదు. రెండవదానికి ఏడు నెలలు గడిచినా జవాబు లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

జరిగింది ఇది. మా అమ్మకు 78 ఏళ్లు. న్యుమోనియాతో ఐ.సి.యు.లో చేర్చాము. మొదటి ఐదు రోజులు ఆక్సిజన్ మాస్కుతో స్పృహలోనే ఉంది. సాయంత్రం పది నిమిషాలు చూడనిచ్చేవారు. మూడవ రోజు నా చేయి పట్టుకుని, "తులసి తీర్థం ఒక్క చుక్క నోట్లో వెయ్యి, ఇక ఏమైనా ఫరవాలేదు" అని అడిగింది. నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదని మంచానికి అట్ట వేలాడుతోంది. అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి నా కూతురి కన్నా చిన్నది, నలుగురు రోగులను ఒక్కతే చూస్తోంది. "డాక్టరు గారిని అడిగి చెబుతానమ్మా" అన్నది. తడిపి పిండిన దూదితో పెదవులు తడపడం వల్ల ఆ స్థితిలో హాని లేదని నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు. కానీ ఆ మాట చెప్పే అధికారం తనకు ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డ్యూటీ మారింది. రాత్రి వచ్చిన సిస్టర్‌కు ఈ సంగతి తెలియదు. ఆరవ రోజు వెంటిలేటర్ పెట్టారు. తొమ్మిదవ రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు ప్రాణం పోయింది. మాకు ఆరింటికి చెప్పారు. నా సంచిలో తీర్థం సీసా అలాగే ఉంది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను సర్జికల్ వార్డులో పనిచేసే రోజుల్లో, సుగర్ పుండుతో కాలు తీయవలసి వచ్చిన ఒక ముస్లిం పెద్దాయన "సిస్టరమ్మా, పడమర ఎటు?" అని అడిగారు. నమాజు కోసం అడుగుతున్నారని నాకు అర్థం కాకపోలేదు. చేతిలో ఇంజెక్షన్ ట్రే ఉంది, "వచ్చి చెబుతాను" అన్నాను, వెళ్లలేదు. మరునాడు చూస్తే ఆయన మంచం కొద్దిగా పక్కకు తిరిగి ఉంది. ఊడ్చే ఆయమ్మ తిప్పిందట. నీళ్లు తగలకూడని కట్టు ఉన్నవారు వజూకు (నమాజుకు ముందు నీళ్లతో చేసుకునే శుద్ధికి) బదులు శుభ్రమైన మట్టిని తాకి తయమ్ముమ్ చేసుకోవచ్చని కూడా ఆమెకు తెలిసి, గుడ్డలో మట్టి తెచ్చి ఇచ్చిందట. మూడు సంవత్సరాలు చదివిన నాకన్నా చదువు లేని ఆయమ్మ ఆ రోజు మంచి నర్సు. సిగ్గుతో చెబుతున్న మాట ఇది.

ఆధ్యాత్మిక అవసరం అనగానే పూజ, ప్రార్థన మాత్రమే గుర్తుకు వస్తాయి. వార్డులో మేము చూసేది అంతకన్నా విశాలమైనది. "నేనేం పాపం చేశాను, నాకే ఎందుకు వచ్చింది ఈ రోగం" అని రాత్రి రెండింటికి అడిగే మనిషిది ఆధ్యాత్మిక బాధే. పదేళ్లుగా మాటల్లేని తమ్ముణ్ణి ఒక్కసారి చూసి పోవాలనుకునే వాడిదీ అదే. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం ఉన్న నేల మనది. తాను పోయిన తర్వాత ఏ మంత్రమూ చదవవద్దని, దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలని కోరుకునే వారి కోరిక కూడా ఇదే గడిలోకి వస్తుంది, అంతే గౌరవంతో రావాలి.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త వర్జీనియా హెండర్సన్ చెప్పిన 14 ప్రాథమిక అవసరాలను పరీక్ష కోసం బట్టీ పట్టని నర్సింగ్ విద్యార్థి ఉండరు. అందులో 11వది, రోగి తన విశ్వాసాన్ని బట్టి ఆరాధన చేసుకోవడానికి తోడ్పడడం. శ్వాస, ఆహారం, నిద్ర, శుభ్రత వరకు వార్డులో పాటిస్తాము. పదకొండవదాన్ని పరీక్ష హాలులోనే వదిలి వస్తాము. సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత డాక్టరు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) ప్రారంభించిన ఆమె, మరణానికి దగ్గరైన మనిషి నొప్పిలో శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ నాలుగూ కలిసే ఉంటాయని బోధించారు. తీవ్రమైన జబ్బుల్లో రోగి బాధను తగ్గించే ఉపశమన వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనంలోనూ ఆధ్యాత్మిక సమస్యలను గుర్తించి తగ్గించడం ఉంది. అంతర్జాతీయ నర్సుల సమాఖ్య నీతి నియమావళి, రోగి ఆచారాలకూ ఆధ్యాత్మిక విశ్వాసాలకూ గౌరవం దొరికే వాతావరణాన్ని కల్పించడం నర్సు బాధ్యతేనని చెబుతుంది. మన దేశంలో 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ సిలబస్‌లో కూడా ఆధ్యాత్మికత పాఠ్యాంశంగా ఉంది. ఇక ప్రైవేటు ఆసుపత్రులు గర్వంగా గోడకు తగిలించుకునే, ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు విషయానికి వస్తే, ఆ ప్రమాణాలలో రోగి హక్కుల కింద ఆధ్యాత్మిక అవసరాల కోసం చేసే విన్నపాలకు స్పందించడం కూడా చేర్చారు. మా అమ్మను చేర్చిన చోట ఆ గుర్తింపు పత్రం లిఫ్టు పక్కనే అద్దాల చట్రంలో ఉంది.

కాబట్టి నియమం లేకపోవడం కాదు మన కష్టం. రోగి అడిగిన మాటను ఎక్కడా రాయకపోవడం మన కష్టం. జ్వరం ఎంతో రాస్తాము, మూత్రం ఎన్ని మిల్లీలీటర్లో రాస్తాము. తులసి తీర్థం అడిగిందని రాసే గడి లేదు. రాయనిది తర్వాతి డ్యూటీకి చేరదు. చేరనిది ఆ పూట ఎదురైన సిస్టర్ దయ మీద ఆధారపడుతుంది. డ్యూటీగా ఉండవలసినది దయగా మిగిలిపోయింది. దీనివల్ల సామాన్యుల మీద ఏమి పడుతోందో, నేను కళ్లారా చూసినంత మేరకు రాస్తున్నాను.

1. చివరి గడియల్లో రోగిని ఆసుపత్రి నుండి తీసుకుపోవడం. "ఇక లాభం లేదు" అనే మాట వినగానే పల్లె కుటుంబాలలో చాలామంది వైద్యుల సలహాకు విరుద్ధంగా వెళుతున్నామని సంతకం పెట్టి రోగిని ఇంటికి తీసుకుపోతారు. డబ్బు ఒక కారణం, కాదనను. కానీ వరండాలో వాళ్లు మాట్లాడుకునే మాటలు నేను విన్నాను: "ఇక్కడ పోతే దగ్గర ఎవరినీ ఉండనివ్వరు, నోట్లో నీళ్లు కూడా పొయ్యనివ్వరు." ముక్కులో గొట్టంతో, మేనమామో బావమరిదో సంచీ నొక్కుతూ గాలి ఇస్తుండగా, గతుకుల రోడ్డు మీద ఎనభై కిలోమీటర్లు అంబులెన్స్‌లో పోయే ఆ ప్రయాణం ఎంత నరకమో ఊహించండి. నొప్పి తగ్గించే మందు ఆగిపోతుంది. ఊపిరాడని మనిషికి పక్కన నర్సు ఉండదు. సగం దారిలో ప్రాణం పోతే, ఆ సంచీ నొక్కిన మనిషి తానే సరిగా నొక్కలేదని జీవితాంతం కుమిలిపోతాడు. అలా కుమిలే మనిషి మా ఊళ్లోనే ఒకరు ఉన్నారు. ఆసుపత్రిలో ఒక తెర, అరగంట సమయం, పక్కన ఇద్దరు అయినవాళ్లు దొరుకుతారని ముందే చెప్పి ఉంటే ఆ కుటుంబాలలో కొన్నైనా ఆ సంతకం పెట్టేవి కావని నా నమ్మకం.

2. దాచి చేసే ఉపవాసాలు. రంజాన్ నెలలో రోజా ఉన్న సుగర్ రోగి, ఏకాదశి నాడో శనివారమో పస్తు ఉన్న ముసలమ్మ, "చెబితే తిడతారు" అని మాకు చెప్పరు. ఉదయం ట్రేలో వచ్చిన ఇడ్లీ సహాయకుల సంచిలోకి పోతుంది. ఇన్సులిన్ మాత్రం వేళకు పడుతుంది. చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పిన తర్వాత గ్లూకోజు ఎక్కించడానికి పరుగెత్తుతాము. జబ్బుపడిన వారికి రోజా నుండి మినహాయింపు వారి ధర్మంలోనే ఉంది. ఆ మాట వారి పెద్దల నోటనే చెప్పించవచ్చు. చేరిన రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే డాక్టరు మోతాదు మార్చేవారు.

3. మొక్కులు. కీమోథెరపీకి వచ్చిన ఒక తల్లి, జబ్బు తగ్గితే తిరుమలలో తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. మొదటి మందు ఎక్కిన రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుందని ఆమెకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. తెల్లవారి దువ్వెనకు కుచ్చులుగా వచ్చిన జుట్టు చూసి "స్వామి ముందే తీసేసుకున్నాడు, నా మొక్కు తప్పింది, ఇక నేను బతకను" అనుకుంది. మూడవ విడతకు రాలేదు. ఫోన్ చేస్తే భర్త చెప్పిన మాటలివి. ముందే తెలిసి ఉంటే మందు మొదలుపెట్టే లోపు ఆమె కొండకు వెళ్లి వచ్చేది. నాకు తెలిసి ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద చికిత్స ఆగిపోయిన సంఘటన ఇంకొకటి లేదు.

4. ఒంటి మీది గుర్తులు. ఆపరేషన్ థియేటర్‌లోకి లోహం వద్దనడానికి సరైన కారణమే ఉంది, కరెంటుతో కోసే పరికరం వల్ల కాలే ప్రమాదం ఉంది. కానీ "తాళి తీసెయ్యమ్మా" అని స్ట్రెచర్ మీద అనడానికీ, ముందురోజే కారణం చెప్పి, పుస్తెలు తీసి ఆమె చేతితోనే భర్త చేతికి ఇప్పించి, పసుపు కొమ్ము కట్టిన దారం వేసుకోనివ్వడానికీ చాలా తేడా ఉంది. తాయెత్తు, జంధ్యం, శిలువ, మాలధారణలో ఉన్నవారి మాల, అన్నింటి సంగతీ ఇంతే.

5. పుట్టగానే పోయిన బిడ్డలు. చాలాచోట్ల తల్లికి చూపించకుండానే గుడ్డలో చుట్టి తండ్రి చేతికి ఇచ్చేస్తారు. పేరు పెట్టుకుని ఏడ్చే అవకాశం కూడా ఆమెకు ఉండదు. ఇంతకు మించి ఈ విషయం మీద రాయలేను.

6. నర్సులు. అడిగింది చేయలేకపోయామన్న బరువు ఇళ్లకు మోసుకుపోయే చిన్న వయసు అమ్మాయిలను ఎందరినో చూశాను. దాన్ని మనం "అలవాటైపోతుందిలే" అంటాము. అలవాటు కావడమంటే ఏమిటో పడమర ఎటని అడిగిన పెద్దాయన విషయంలో నాకు తెలిసింది.

రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. సమయం లేదన్నది మొదటిది. నిజమే. సాధారణ ఆసుపత్రులలో అయిదుగురు రోగులకు, బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. రాత్రి డ్యూటీలో నలభై మంచాలు ఒక్కదాన్నే చూసిన రోజులు నా సర్వీసులో ఉన్నాయి. ఖాళీలు నింపకుండా నర్సులు నవ్వుతూ మాట్లాడాలని చెప్పడం అన్యాయం. కానీ నేను కోరుతున్న మూడు ప్రశ్నలకు పట్టేది మూడు నిమిషాలు.

రెండవది సున్నితమైనది: ఆసుపత్రిలోకి మతాన్ని తెస్తారా అని. మతం ఇప్పటికే కేస్ షీటు మొదటి పేజీలో ఒక గడిలో ఉంది, నింపడానికే తప్ప ఎవరూ చదవరు. ఇంకొక మాట మనసు విప్పి చెప్పాలి. రోగి మంచం పక్కన ఒక సిస్టర్ కళ్లు మూసుకుని నిలబడినా మత ప్రచారమేమో అని అనుమానించే రోజులివి. అలాగే బలహీన స్థితిలో ఉన్న రోగికి తమ విశ్వాసాన్ని బోధించే సిబ్బంది అసలే లేరనీ చెప్పలేను. రాతపూర్వకమైన నియమం ఉంటే రోగికి బోధ నుండి, నర్సుకు నింద నుండి రక్షణ దొరుకుతుంది. రోగి విశ్వాసానికి తోడ్పడడం నర్సు పని, తన విశ్వాసాన్ని పంచడం కాదు. ఈ తేడా రాసి పెట్టకపోవడం వల్లనే మంచి నర్సులు కూడా భయపడి మౌనంగా ఉండిపోతున్నారు.

చేయడం సాధ్యమా అంటే, కష్టకాలంలో చేసిన ఉదాహరణ ఒకటి ఉంది. 2020 మార్చిలో కోవిడ్ మృతదేహాల గురించి కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలలో, దేహాన్ని తాకకుండా గ్రంథపఠనం చేయడానికి, పవిత్ర జలం చల్లడానికి అనుమతి ఉంది. వైరస్ గురించి సరిగా తెలియని రోజుల్లోనే ఏది చేయవచ్చో, ఏది చేయరాదో విడదీసి రాయగలిగారు. మామూలు న్యుమోనియాతో పోయే మనిషికి ఆ విడదీత ఎందుకు లేదు? హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది, తెలంగాణ జిల్లాలలో "ఆలన" పేరుతో ఇళ్లకు వెళ్లే బృందాలున్నాయి. రోగి మంచం పక్కన కూర్చుని మాట వినడం వృత్తిగా చేసుకున్న నర్సులు మన మధ్యనే ఉన్నారు. వారికి తెలిసింది మిగిలిన వార్డులకు చేరడం లేదు, అంతే.

అందువల్ల ఈ కింది డిమాండ్లను మీ ముందు ఉంచుతున్నాను.

1. ఆసుపత్రిలో చేరిన 24 గంటలలోపు ప్రతి రోగినీ నర్సు మూడు ప్రశ్నలు అడిగి జవాబులు కేస్ షీటులో రాయాలి. కష్టంలో మీకు ధైర్యం ఇచ్చేది ఏమిటి? ఇక్కడ ఉన్నన్నాళ్లు మేము తెలుసుకోవలసిన ఆచారం, ఉపవాసం, మొక్కు ఏదైనా ఉందా? పరిస్థితి విషమిస్తే ఎవరిని పిలవాలి, ఏమి చేయాలి, ఏమి చేయకూడదు? "ఏమీ లేదు", "చెప్పను" అన్నవి కూడా పూర్తి జవాబులే. వాటినీ అలాగే రాయాలి, మళ్లీ గుచ్చి అడగరాదు.

2. డ్యూటీ అప్పగించేటప్పుడు సెలైన్లు, ఇంజెక్షన్లతో పాటు ఈ గడిని కూడా చదివి అప్పగించాలి.

3. ఐ.సి.యు.లలో రోగి చివరి దశకు చేరినప్పుడు, సందర్శన వేళలతో సంబంధం లేకుండా కనీసం ఇద్దరు అయినవారిని అరగంటైనా దగ్గర ఉండనివ్వాలి. నర్సు తన స్థాయిలోనే అనుమతించగలవాటి జాబితా ఆసుపత్రి రాసి ఇవ్వాలి: తడి దూదితో పెదవులు తడపడం, చెవి దగ్గర నామస్మరణ, ముస్లింలకు కలిమా, క్రైస్తవులకు బైబిల్ వాక్యం చదవడం, సాధ్యమైతే మంచం దిశ మార్చడం, కాథలిక్కులకు గురువుగారి చేత అభ్యంగనం (పవిత్ర తైలం పూసి చేసే ప్రార్థన). చేయరాదన్నవి కూడా కారణంతో సహా రాయాలి: ఆక్సిజన్ ఉన్నచోట దీపం, కర్పూరం, అగరుబత్తి వద్దు, కట్ల మీద, సూదులు గుచ్చిన చోట విభూతి, నూనె వద్దు.

4. సిబ్బంది గానీ, బయటి వ్యక్తులు గానీ రోగి కోరకుండా మంచం దగ్గర మత బోధ చేయడాన్ని స్పష్టంగా నిషేధించాలి. రోగి కోరితే పూజారినో, ఇమామునో, పాస్టరునో, మరొకరినో పిలిపించడానికి స్థానికుల ఫోన్ నంబర్లు నర్సుల గదిలో ఉండాలి.

5. సిలబస్‌లో ఉన్న పాఠాన్ని వార్డుకు తేవాలి. విద్యార్థులు రాసే రోగి సంరక్షణ ప్రణాళికలలో ఈ అంశం ఖాళీగా ఉంటే మార్కులు ఇవ్వరాదు. ఇప్పటికే పనిచేస్తున్న నర్సులకు ఉపశమన వైద్య నర్సుల చేత ఏడాదికి ఒక్క రోజైనా శిక్షణ ఇప్పించాలి. ఆయమ్మలను, వార్డు బాయ్‌లను, సెక్యూరిటీ వారిని కూడా ఆ రోజు కూర్చోబెట్టాలి.

6. నర్సుల ఖాళీలను ప్రమాణాల మేరకు నింపాలి. ఇది నింపకుండా పై అయిదూ అమలు చేశామని కాగితాల మీద టిక్కులు పెట్టించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. మాకు టిక్కులు పెట్టడం బాగా వచ్చు.

7. ఇటువంటి ఫిర్యాదు వస్తే 15 రోజులలో, అడిగిన విషయానికే, రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి.

మూడు ప్రశ్నల పత్రం నమూనా ఒక పేజీలో తయారుచేశాను. ఏ ఆసుపత్రి అయినా, ఏ నర్సింగ్ కళాశాల అయినా ఒక వార్డులో మూడు నెలలు వాడి చూస్తామంటే, నా ఖర్చులతోనే వచ్చి సిస్టర్ల పక్కన కూర్చుని నేర్పుతాను. రాత్రి డ్యూటీ వేళైనా వస్తాను.

భవదీయురాలు,
విశ్రాంత హెడ్ నర్సు